పేరంటాలు గుడి ముందు కుంకుమ అమ్మే మనిషి

పెనుగంచిప్రోలు వెళ్ళాలంటే జగ్గయ్యపేట నుంచైనా వెళ్ళొచ్చు, నందిగామ నుంచైనా వెళ్ళొచ్చు. మా ఇల్లు నందిగామ కాబట్టి చిన్నప్పటి నుంచీ నాకు నందిగామ దారే అలవాటు. కిందటేడు ఫాల్గుణంలో, చిన్న తిరునాళ్ళు అయిపోయి జనం పల్చబడ్డాక వెళ్ళాను. గుడి ముందు వరసగా ఉండే కొట్లలో ఒకదాని దగ్గర ఆగి పసుపూ కుంకుమా అడిగాను. పొట్లం కట్టి ఇచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. రాశి పోసిన కుంకుమ వెనకాల ఆవిడ నుదురు మాత్రం ఖాళీగా ఉంది.

నేను చూడటం ఆవిడ గమనించింది. "ఏంటమ్మాయ్ అట్టా చూస్తన్నావు? అమ్మేదాన్నేగానీ పెట్టుకునేదాన్ని కాదు" అంది, నవ్వుతూనే.

ఆ మాట అప్పటి నుంచీ నన్ను వదలడం లేదు. ఆవిడ కూర్చున్నది ఎవరి గుడి ముందు? భర్త పోయాక ఒక్కరోజు కూడా వితంతువుగా బతకని స్త్రీ గుడి ముందు. అలా బతకకపోవడం వల్లే ఆ స్త్రీ దేవత అయింది. ఆ దేవత పేరు మీద కుంకుమ అమ్మి, బతికి ఉన్న ఒక వితంతువు ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఇందులో తప్పు ఎక్కడుంది? అసలు తప్పు ఉందా? ఉంటే దాన్ని సరిదిద్దాల్సిన బాధ్యత ఎవరిది? ఈ వ్యాసంలో నేను తేల్చుకోవాలనుకుంటున్నది ఇదే.

తెలియనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. తిరుపతమ్మ కొల్లా వారి ఆడపడుచు. తిరుపతి వెంకటేశ్వరస్వామి వరాన పుట్టిందని ఆ పేరు పెట్టారంటారు. పెనుగంచిప్రోలులో కాకాని వారి కోడలయింది. భర్త గోపయ్య. అత్తింట్లో ఆరళ్ళు మొదలయ్యాయి. కరువొచ్చి గోపయ్య పశువుల్ని తోలుకుని అడవి ప్రాంతానికి వెళ్ళాడు. అతను లేనప్పుడు ఆమెకి కుష్టు వచ్చింది. అత్తింటివాళ్ళు ఆమెని పశువుల కొట్టంలోకి నెట్టారు. పాపమాంబ అనే స్త్రీ ఆ రోజుల్లో ఆమెకి సేవ చేసింది. అడవిలో గోపయ్యని పులి చంపింది. ఆ కబురు తెలిసి తిరుపతమ్మ అగ్నిలో కలిసిపోయింది. చితి ఎక్కిందని కొందరూ, యోగాగ్నిలో దహించుకుపోయిందని కొందరూ చెప్తారు. ఆ తర్వాత ఊరికి దేవతయింది. 1963లో ఈ కథని ఎన్టీ రామారావు, కృష్ణకుమారి నటులుగా 'శ్రీ తిరుపతమ్మ కథ' పేరుతో సినిమాగా తీశారు. అప్పటికే మా కృష్ణా, గుంటూరు, ఖమ్మం ప్రాంతాల్లో ఆమె పేరు పెట్టుకున్న ఆడపిల్లలు ఇంటికొకరు ఉండేవారు.

పేరంటాలు అంటే పేరంటానికి పిలవదగిన ఆడది, ముత్తైదువ. మొగుడి చితిలో కాలిపోయిన స్త్రీని కూడా తెలుగులో ఈ మాటతోనే పిలిచారు. మంటల్లోకి వెళ్ళిన మనిషి ఎప్పటికీ ముత్తైదువగానే ఉండిపోతుందని దీని భావం. ఎప్పటికీ పేరంటానికి తగిన మనిషి. అంటే బయట ఉండిపోయినవాళ్ళు పేరంటానికి తగనివాళ్ళని ఆ మాటలోనే ఉంది. మన భాష చాలా తేలిగ్గా ఈ పని చేసి పెట్టింది.

ఇక ఊరి సంగతి. మాది కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారుగానీ, డెల్టా వాళ్ళకి మేం ఎప్పటికీ మెట్టవాళ్ళమే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూములు మావి. నీళ్ళు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. పత్తి, మిరప ప్రధానం. జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. ఫ్యాక్టరీలో ఉద్యోగాలు ఎక్కువగా మగవాళ్ళవి. పత్తితీతలు, మిరపకోతలు ఆడవాళ్ళవి. భూమి లేని, ఎండలో వంగే ఓపిక అయిపోయిన ఆడవాళ్ళకి మిగిలేది ఏమిటి? పెనుగంచిప్రోలులో అయితే గుడి మిగులుతుంది.

గుడి ముందు ఒక లోకం ఉంది. కొబ్బరికాయలు, పూలు, పసుపు కుంకుమలు, గాజులు, బొమ్మలు, ఫొటోలు, మరమరాలు, ఖర్జూరం, టీ బడ్డీలు, ఇడ్లీ బండ్లు. మున్నేట్లో స్నానం చేసి తడిబట్టలతో వచ్చేవాళ్ళకి పొంగలి వండుకోవడానికి కట్టెలు, కుండలు. రాత్రి ఉండేవాళ్ళకి గదులు. మాఘంలో, ఫాల్గుణంలో జరిగే తిరునాళ్ళే ఈ ఊరికి పంట. ఆ రోజుల్లో సంపాదించిందే ఏడాదంతా సర్దుకోవాలి. శుక్రవారాలు, ఆదివారాలు కూరాకు ఖర్చులకి.

ఈ పంట ఎవరింటికి చేరుతుంది? దేవాదాయ శాఖ గుళ్ళలో కొబ్బరికాయలు అమ్ముకునే హక్కు, తలనీలాలు పోగుచేసుకునే హక్కు లాంటివి వేలంపాటలో ఇస్తారు. పాట పాడగలిగేది పెట్టుబడి ఉన్నవాళ్ళు. వాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. తలనీలాల సంగతే చూడండి. మొక్కు తీర్చుకున్న ఆడవాళ్ళ పొడుగాటి జుట్టుకే మార్కెట్లో విలువ ఎక్కువ. ఆ జుట్టు శుభ్రమై, దువ్వబడి, విదేశాలకి సవరాలుగా, విగ్గులుగా వెళ్తుంది. ఇచ్చినామెకి మిగిలేది పుణ్యం, ఊడ్చినామెకి రోజుకూలి. మధ్యలో ఉన్న డబ్బు ఊరి పొలిమేర దాటి ఎక్కడికో పోతుంది. పర్యాటకం మీద బతికే దేశాల గురించి రాసే ఆర్థికవేత్తలు దీన్ని లీకేజీ అంటారు. వచ్చినవాళ్ళు పెట్టిన ఖర్చులో ఆ చోటున నిలవకుండా బయటికి కారిపోయే భాగమన్నమాట.

ఈ ఆలోచన నాకు ఒక పుస్తకం చదువుతుంటే వచ్చింది. జమైకా కిన్‌కెయిడ్ 1988లో 'ఎ స్మాల్ ప్లేస్' అని ఒక చిన్న పుస్తకం రాసింది. ఆమె 1949లో కరీబియన్ సముద్రంలోని ఆంటిగ్వా ద్వీపంలో పుట్టింది. 1960లలో ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునే పనికి అమెరికా వెళ్ళి, అక్కడ రచయిత్రి అయింది. ఆంటిగ్వా దాదాపు 280 చదరపు కిలోమీటర్ల చోటు. మన మండలాలు ఒకటో రెండో కలిపినంత. ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చి చెరకు పండించిన నేల అది. 1834లో బానిసత్వం రద్దయింది. 1970ల మొదటికల్లా చక్కెర పరిశ్రమ మూతబడింది. 1981లో స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటికే ఆ ద్వీపం సముద్రాన్నీ ఇసుకనీ చూపించి బతకడం మొదలుపెట్టింది. హోటళ్ళు, విమానాల్లో దిగేవాళ్ళు, పెద్ద పెద్ద విహార నౌకలు. ఇప్పటికీ దాని ఆదాయంలో ఎక్కువ భాగం పర్యాటకం మీదే ఆధారపడి ఉంది.

కిన్‌కెయిడ్ తన పుస్తకాన్ని "మీరు" అని పర్యాటకుడిని సంబోధిస్తూ మొదలుపెడుతుంది. మీరు విమానం దిగుతారు, మీకు ఎండ హాయిగా ఉంటుంది, ఆ ఎండే ఇక్కడ కరువు అని మీకు తట్టదు, అన్న ధోరణిలో సాగుతుంది. 1974 భూకంపంలో దెబ్బతిన్న గ్రంథాలయం అన్నేళ్ళయినా బాగుపడలేదని బాధపడుతుంది. అదే ద్వీపంలో హోటల్ పనివాళ్ళని తయారుచేసే స్కూల్ని మాత్రం ఎంత గొప్పగా చెప్పుకుంటారో చూపిస్తుంది. బానిసల సంతతి ఇప్పుడు చక్కగా సేవ చేయడంలో పట్టా పుచ్చుకుంటున్నారనీ, బానిసత్వానికీ ఈ స్కూలుకీ ఉన్న చుట్టరికం ఎవరికీ కనపడటం లేదనీ ఆమె కోపం. చూసిపోయేవాళ్ళ మీద బతికే చోటు, వాళ్ళకి నచ్చే ముఖాన్నే పెట్టుకోవాలి. గాయం గురించి మాట్లాడితే గిరాకీ పోతుంది.

రెండు చోట్లనీ ఒకటే అనను. పెనుగంచిప్రోలు వచ్చేవాళ్ళు ధనిక తెల్లవాళ్ళు కాదు. వాళ్ళలో చాలామంది కొట్టు పెట్టుకున్నవాళ్ళ కంటే పేదవాళ్ళు. ట్రాక్టర్లలో, ఆటోల్లో, సద్దిమూటలతో వస్తారు. వాళ్ళు విశ్రాంతి కోసం రారు. బిడ్డకి జబ్బు చేసి, కాపురం చెడి, పంట పోయి వస్తారు. వాళ్ళకీ ఇక్కడి ఆడవాళ్ళకీ మధ్య భాష ఒకటే, కష్టమూ చాలావరకు ఒకటే. ఇది విహారం కాదు, మొక్కు.

అయినా ఒక విషయంలో మాత్రం ఆ ద్వీపం, ఈ ఊరూ ఒకే ఇరుకులో ఉన్నాయి. రెండు చోట్లా బతుకు వచ్చేవాళ్ళ మీద ఆధారపడి ఉంది. వాళ్ళు రాకపోతే ఏమవుతుందో 2020లో రెండు చోట్లా తెలిసింది. అక్కడ విమానాలూ నౌకలూ ఆగిపోయాయి. ఇక్కడ మార్చి చివర లాక్‌డౌన్‌తో గుళ్ళకి తాళాలు పడ్డాయి. "అమ్మ లోపల, మేం బయట. ఇద్దరికీ తాళమే" అంది ఆ కుంకుమ కొట్టావిడ ఆ రోజుల గురించి. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్ళొచ్చి హైదరాబాదు, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్ళీ వరద. దారి తెగితే యాత్రికులు ఇళ్ళకి తిరిగి వెళ్ళిపోతారు. కొట్టు పెట్టినవాళ్ళకి వెళ్ళడానికి వేరే చోటు లేదు.

ఇలా ఆధారపడిన ఊరు ఏది అమ్ముకుంటుందో దాని గురించి అనుమానం పెట్టుకోలేదు. ఆంటిగ్వా తన సముద్రాన్ని అమ్ముతూ దాని మీద వచ్చిన బానిస ఓడల్ని గుర్తుచేయలేదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ మహిమని అమ్ముతూ, ఆమెని పశువుల కొట్టంలోకి నెట్టింది ఎవరని అడగలేదు. అడిగితే జవాబు చాలా దగ్గర్లో ఉంది. ఒక కుటుంబం, ఆ కుటుంబాన్ని చూస్తూ ఊరుకున్న ఒక ఊరు. బతికి ఉన్నప్పుడు కొట్టంలో పెట్టి, పోయాక గుళ్ళో పెట్టడం మన ప్రాంతానికి కొత్త కాదు. గురజాడ 'కన్యక'లో నిప్పుల్లో దూకే ముందు ఆ పిల్ల చేత ఊరి పెద్దల్ని నిలదీయించాడు. తిరుపతమ్మ కథ చెప్పేవాళ్ళు ఆమె చేత అంత మాట అనిపించలేదు. మహిమలు చూపించారు, శాపవిమోచనాలు చెప్పారు. ఊరి మీద ఒక్క ప్రశ్న మాత్రం ఉంచలేదు.

ఆ రోజు సాయంత్రం దాకా నేను ఆ కొట్టు దగ్గరే కూర్చున్నాను. బేరాలు లేవు. ఒక మాట మీద ఒక మాట వచ్చింది. భర్త పోయి ఇరవై ఏళ్ళు దాటిందనీ, లారీ మీద పోయేవాడనీ, అప్పటికి చిన్నపిల్లకి నాలుగేళ్ళనీ చెప్పింది.

"మరి తిరునాళ్ళప్పుడు ఇంత జనంలో ఒక్కదానివే ఎట్లా పెద్దమ్మా?" అన్నాను.

"ఒక్కదాన్ని కూచోనుగా. ముందు కోడల్ని కూచోబెడతా. నేను ఎనకాల ఉండి పొట్లాలు కడతా. పొద్దున్నే వచ్చే పేరంటాళ్ళు నా మొహం చూస్తే పక్క కొట్టుకి పోతారు. కుంకుమ ఇట్టాంటోళ్ళ చేతి మీద తీసుకోరమ్మా."

నాకు ఒక తెలివితక్కువ ఆలోచన వచ్చింది. "నువ్వే ఒక బొట్టుబిళ్ళ పెట్టుకుని కూర్చుంటే వచ్చినవాళ్ళకి ఏం తెలుస్తుంది?" అని అడిగాను. ఇన్నేళ్ళు స్త్రీవాదం చదివినదాన్ని, చదివించినదాన్ని. నేను ధైర్యం చెప్తున్నాననుకున్నాను.

ఆవిడ జాలిగా చూసింది. "వచ్చినోళ్ళకి తెలవదు. ఊరికి తెలుసుగా. పెట్టుకుంటే ఊరు ఊరుకోదు. పెట్టుకోకపోతే వచ్చినోళ్ళు కొనరు. అందుకే కోడలు."

కాసేపాగి, నేను అడక్కుండానే అంది. "ఆ తల్లి దేవత కాబట్టి పోయింది. నేను మనిషిని. ఉండిపోయా. నేనూ పోతే ఈ పిల్లల్ని ఎవరు సాకుతారు?"

ఈ మాటలో బాధ ఉందని నేను మొదట అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అందులో ఉన్నది క్షమాపణ అని తోచింది. బతికినందుకు ఆవిడ క్షమాపణ చెప్పుకుంటోంది. ఇరవై ఏళ్ళకి పైగా ముగ్గురు పిల్లలకి అన్నం పెట్టిన మనిషి, తన బతుకుని ఒక తగ్గింపుగా, దేవత కాలేకపోవడంగా చెప్పుకుంటోంది. ఏ కథ ఆవిడకి అన్నం పెడుతోందో ఆ కథే ఆవిడకి ఈ మాట నేర్పింది. మొదట్లో అడిగిన ప్రశ్నకి ఇక్కడ జవాబు దొరికింది. తప్పు ఉంది. అది కుంకుమ అమ్మడంలో లేదు. బతికి ఉండటాన్ని తక్కువ చేసే కథని ఎవరూ ప్రశ్నించకుండా కొనుక్కుపోవడంలో ఉంది.

మరి ఏం చేయాలి? మనలాంటివాళ్ళ దగ్గర మూడు సిద్ధమైన జవాబులున్నాయి. మూడింటినీ నేను ఏదో ఒక కాలంలో నమ్మాను.

మొదటిది చట్టం. బెంగాల్‌లో 1829లో, మద్రాసు ప్రెసిడెన్సీలో 1830లో సహగమనాన్ని నిషేధించారు. 1987 సెప్టెంబరు 4న రాజస్థాన్‌లోని దేవరాలాలో 18 ఏళ్ళ రూప్ కన్వర్‌ని భర్త చితి మీద కాల్చాక సతి నిరోధక చట్టం వచ్చింది. సతిని కీర్తించడం, ఆ పేరున గుడి కట్టడం, డబ్బు వసూలు చేయడం కూడా దాని ప్రకారం నేరాలే. దేవరాలాలో ఆ చావు తర్వాత కొద్ది రోజుల్లోనే జనం విరగబడి వచ్చారు, కానుకలు పోగయ్యాయి. యాత్రాస్థలం ఎంత త్వరగా పుడుతుందో, దాని వెనక డబ్బు ఎంత త్వరగా చేరుతుందో దేశం చూసింది. కొత్త చితుల్ని ఆపడానికి ఆ చట్టం కావలసిందే. కానీ అదే చట్టం సతికి ప్రయత్నించిన స్త్రీకి కూడా శిక్ష వేస్తుంది. దాన్ని తీసుకొచ్చి మూడు జిల్లాల ఆడవాళ్ళు ఏడ్చుకోవడానికి వచ్చే పాత గుడి మీద ప్రయోగించమని నేను అడగలేను. ముందు మూతబడేది కుంకుమ కొట్టు. వేలంపాట పాడినాయన ఇంకో గుళ్ళో పాడుకుంటాడు.

రెండోది హేతువాదం. కథ అబద్ధం అని చెప్పడం. మా కాలేజీ రోజుల్లో ఇది బాగా చెప్పేదాన్ని. అయితే కుష్టు వచ్చిన కోడల్ని కొట్టంలో పెట్టడం అబద్ధం కాదు. మహిమల్ని తీసేస్తే మిగిలే కథ చాలా ఇళ్ళల్లో జరిగిన నిజం. అబద్ధమని కొట్టిపారేస్తే దాంతో పాటు ఈ నిజం కూడా పోతుంది.

మూడోది విశ్వవిద్యాలయాల్లో మనం చెప్పుకునేది. ఆడవాళ్ళు ఈ కథని తమకి కావలసినట్టు మలుచుకుంటున్నారు, అది వాళ్ళ ప్రతిఘటన అని. ఇందులో కొంత నిజం ఉంది. దానికే చివర్లో వస్తాను. కానీ లతా మణి సతి మీద వలస పాలన కాలపు చర్చని పరిశీలించి ఒక హెచ్చరిక చేసింది. ఆ చర్చలో స్త్రీలు కర్తలూ కాదు, కర్మలూ కాదు, సంప్రదాయం గురించి మగవాళ్ళు వాదించుకోవడానికి ఒక రంగస్థలం మాత్రమే అయ్యారని. కుంకుమ కొట్టావిడని నా వ్యాసంలో ప్రతిఘటనకి ఉదాహరణగా వాడుకుంటే నేనూ అదే పని చేసినట్టు. ఆవిడ ప్రతిఘటించడం లేదు. బతుకుతోంది. ఆ రెండూ ఒకటి కాకపోయినా రెండోది తక్కువదేమీ కాదు.

నాకు తోచిన జవాబు కిన్‌కెయిడ్ పుస్తకం మొదటి మాటలోనే ఉంది. ఆమె "మేము" అని మొదలుపెట్టలేదు, "మీరు" అని మొదలుపెట్టింది. పెనుగంచిప్రోలులో ఆ "మీరు" ఎవరు? నేనే. బస్సు దిగి, దణ్ణం పెట్టుకుని, చీకటిపడక ముందే ఇంటికి వెళ్ళగలిగిన మనిషిని. ఒక కథ మీద బతికే ఊరిని ఆ కథ గురించి నిజం చెప్పమనడం అన్యాయం. నిజం చెప్తే వాళ్ళకి అన్నం పోతుంది. నాకు ఏం పోదు. నిజం చెప్పే బాధ్యత దాని ఖరీదు భరించగలిగినవాళ్ళది. అమ్మేవాళ్ళది కాదు, కొనేవాళ్ళది.

ఇది ఏదో ఉదారత అనుకోకండి. మామూలు వ్యాపార సూత్రమే. కొనేవాళ్ళకి ఏది కావాలో కొట్లో అదే ఉంటుంది. ముత్తైదువ చేతి కుంకుమే కావాలని మనం అడిగినంతకాలం ఆవిడ కోడలి వెనకాల కూర్చుంటుంది. ఆవిడని వెనక్కి నెట్టింది శాస్త్రం కాదు, పక్క కొట్టుకి జరిగిన మన కాళ్ళు. మంటల ఘట్టమే వినాలని మనం కోరినంతకాలం కథలో అదే పెద్దదవుతుంది. 1881లో వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించాడని ప్రతి పరీక్షలో రాశాం, రాయించాం. దేశమంతా మారాలన్నాం. పది రూపాయల కుంకుమ ఎవరి చేతి మీద కొంటున్నామో చూసుకోలేదు.

మార్చడం సంప్రదాయానికి విరుద్ధం అంటారు. ఈ గుడికే ఒక సంప్రదాయం ఉంది. రెండేళ్ళకోసారి అమ్మవారి విగ్రహాల్ని ఊరేగింపుగా జగ్గయ్యపేట తీసుకెళ్ళి రంగుల మండపంలో కొత్త రంగులు వేయిస్తారు. దారి పొడుగునా ఊళ్ళకి ఊళ్ళు ఎదురొస్తాయి. చిన్నప్పుడు మా అమ్మ నన్ను జగ్గయ్యపేట తీసుకెళ్ళి ఆ ఊరేగింపు చూపించింది. రంగు వెలిసిపోతుందనీ, మళ్ళీ వేసుకోవాలనీ, అందుకు దేవతనయినా ఊరు దాటించొచ్చనీ మన పెద్దవాళ్ళకి తెలుసు. కథకి కూడా రంగు వెలుస్తుంది.

మా అమ్మ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. అమ్మ పెళ్ళయిన నాటి నుంచి ప్రతి ఏడూ పెనుగంచిప్రోలు వెళ్ళేది. మా నాన్న పోయాక మానేసింది. "ఇంక నాకు అక్కడేం పనిలే" అంది. పదకొండేళ్ళ కిందటి మాట ఇది. నేను అప్పుడు ఏమీ అనలేదు. గుడికి వెళ్ళకపోతే మంచిదే, మూఢనమ్మకం తగ్గింది అనుకున్నాను. ఆమె వెళ్ళడం మానేసింది నమ్మకం పోయి కాదు, తను తగనిదాన్నని నమ్మి. నా హేతువాదం, అమ్మ సిగ్గు ఒకే ఫలితం ఇచ్చేసరికి నేను తేడా చూడలేకపోయాను. కొట్టు దగ్గర ఆ ఖాళీ నుదురుని నేను ఎందుకంత తేరిపార చూశానో ఇంటికొచ్చాక అర్థమయింది.

ఈ మాఘంలో అమ్మని తీసుకెళ్ళాను. రానంది. కొట్టావిడ సంగతి చెప్పాను. అప్పుడు వస్తానంది. జనం లేని రోజు చూసుకుని వెళ్ళాం. ఆవిడ ముందు కూర్చుని ఉంది, కోడలు లేదు. అమ్మ ఆవిడ చేతి మీద పసుపూ కుంకుమా పొట్లాలు తీసుకుంది. బేరమాడింది కూడా. ఇద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. అమ్మ కుంకుమ పెట్టుకోలేదు. పెట్టుకోమని నేను అడగలేదు. ఆ నుదురు ఆమెది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ నాకు తిరుపతమ్మ కథ మళ్ళీ చెప్పింది. చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నదే. ఈసారి జాగ్రత్తగా విన్నాను. కరువు, ఆరళ్ళు, జబ్బు, పశువుల కొట్టం. పాపమాంబ చేసిన సేవ దగ్గరికొచ్చేసరికి అమ్మ చాలాసేపు అక్కడే ఉండిపోయింది. జబ్బు మనిషిని ముట్టుకోవడానికి అందరూ భయపడుతుంటే ఆమెకి పుండ్లు కడిగింది ఎవరూ, అన్నం తినిపించింది ఎవరూ, ఎవరికీ పట్టని మనిషికి రాత్రిళ్ళు తోడు పడుకుంది ఎవరూ అని తనలో తనే అడుగుతూ చెప్పింది. ఇవన్నీ పాత కథలో ఉన్నాయో, అమ్మే కలిపిందో నాకు అనవసరం అనిపించింది. మంటల ఘట్టాన్ని ఒక్క ముక్కలో దాటేసింది. అమ్మ ఎప్పుడూ ఇట్లాగే చెప్పేదని అప్పుడు గుర్తొచ్చింది. ఏడ్చేది కొట్టం దగ్గర, చితి దగ్గర కాదు. నేనే చితిని గుర్తుపెట్టుకుని, దాని మీద వాదించి, మిగతాది వదిలేశాను.

ఆడవాళ్ళు కథని మలుచుకుంటారని చెప్పినదాంట్లో నిజం ఇంతవరకు ఉంది. వచ్చే తిరునాళ్ళకి ఆ గుడి ముందు పాపమాంబ బొమ్మ ఉన్న ఫొటో అడుగుదామనుకుంటున్నాను. ఉండకపోవచ్చు. నలుగురం అడిగితే మరుసటి ఏడాది తెచ్చిపెడతారు. వ్యాపారం అంటే అంతే కదా. పొద్దున్నే, జనం ఉన్నప్పుడే వెళ్తాను. ఆవిడ ముందుకొచ్చి కూర్చుంటే ఆవిడ దగ్గరే కొంటాను. కూర్చోకపోతే వెనకాల నుంచి పిలిచి కొంటాను.